అరెకరం భూమి, పెరట్లో తెల్లావులు: జావా పల్లె గురించి మీ ప్రశ్నలు

గత సంచికలో ఇండోనేషియా దేశపు జావా దీవిలోని గునుంగ్‌కిదుల్ ప్రాంతం గురించి రాశాను. యోగ్యకర్తా నగరానికి ఆగ్నేయంగా ఉండే సున్నపురాతి మెట్ట అది. ప్రకాశం జిల్లాలో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక, పశుపోషణ పరిశీలన పనిమీద వెళ్ళి అక్కడ ఒక పల్లెలో ఉన్నాను. ఆ వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాను.

ప్ర: అక్కడ ఒక కుటుంబానికి అరెకరం ఉంటే మామూలేనని రాశారు. మా ఊళ్ళో మూడెకరాల తోట ఉన్నవాడే అప్పుల్లో ఉన్నాడు. అరెకరంతో ఇల్లు ఎలా గడుస్తుంది? నాకు నమ్మబుద్ధి కావడం లేదు. (మామిడి రైతు, ఉలవపాడు)

జ: గడవదండీ. గడవదని వాళ్ళకూ తెలుసు కాబట్టే ఆ అరెకరాన్ని నమ్ముకుని కూర్చోరు.

ముందు లెక్క చూద్దాం. మాగాణి ఉన్న రైతు సంగతే తీసుకోండి. హెక్టారుకు ఐదున్నర టన్నులు పండిందనుకుంటే అరెకరంలో వచ్చేది పదకొండు వందల కిలోలు. మన నెల్లూరు కొలతలో పుట్టికి 850 కిలోలు గదా, అంటే పుట్టీ పావు పైచిలుకు. రెండు పంటలు తీసినా రెండున్నర పుట్లు దాటి కొంచెం. అందులో ఎరువులు, దున్నకం, కూలీలు పోతే మిగిలేదాంతో నలుగురున్న ఇల్లు ఏడాది ఎట్లా తింటుంది? ఇక గునుంగ్‌కిదుల్‌లో చాలా చోట్ల మాగాణే లేదు. వాన పడితేనే పంట.

నేను అద్దెకున్న ఇంటి సంగతి చెప్తాను. యాభై దాటిన భార్యాభర్తలు, ఆయన తల్లి, నర్సింగు చదివే కూతురు. కొడుకు జకార్తా పక్కనున్న బెకాసీలో మోటార్‌సైకిల్ విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొలం ఒక్కచోట లేదు, మూడు ముక్కలు. కొండవాలులో రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల మీద ఉంటాయి. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో వాన మొదలవగానే పొడిదుక్కిలో వడ్లు వేస్తారు, మధ్యలో మొక్కజొన్న, గట్ల వెంట కర్రపెండలం. ఫిబ్రవరి, మార్చి నాటికి వడ్లు ఇంటికొస్తాయి. ఆ తడి ఆరకముందే వేరుశనగ. జులై, ఆగస్టుల్లో కర్రపెండలం తవ్వి, తొక్కు తీసి, రోడ్డు పక్కన ఎండబెడతారు. వడ్లు ఒక్క గింజ అమ్మరు, అన్నీ ఇంట్లోకే. అమ్మేది వేరుశనగ, ఎండు కర్రపెండలం.

మిగతా డబ్బంతా పొలం బయటి నుంచే రావాలి. జూన్ నుంచి వానలదాకా ఇంటాయన యోగ్యకర్తాకు తాపీపనికి వెళ్తాడు. వారానికోసారి మోటార్‌సైకిల్ మీద ఇంటికొస్తాడు. ఇంటావిడ టెంపే చేసి సంతలో అమ్ముతుంది. సోయాబీన్లు నానబెట్టి, ఉడికించి, పొట్టు తీసి, బూజు విత్తనం చల్లి, అరిటాకులోనో టేకాకులోనో పొట్లం కడితే రెండు రాత్రుల్లో గింజలన్నీ అతుక్కుని తెల్లటి దిమ్మ అవుతుంది. ఆ సోయాబీన్లు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చేవే. అక్కడి డబ్బు రూపయా. దాని విలువ పడిపోతే ఆ పల్లెలో పొట్లం చిన్నదవుతుంది. ధర పెంచితే కొనేవాళ్ళు మానుకుంటారని ఆవిడ సైజే తగ్గించేది. కొట్టంలో మేకలు, రెండు ఆవులు. పొలం గట్లమీద టేకు చెట్లు. ఆ టేకును వయసు చూసి కొట్టరు, అవసరం చూసి కొడతారు. కూతురి కాలేజీ ఫీజుకు ఒక కోడెను అమ్మారు. కొడుకు పెళ్ళికి మూడు చెట్లు కొట్టారు. నెల ఖర్చులకు మేక, ఏడాది ఖర్చులకు ఆవు, పెద్ద ఖర్చుకు చెట్టు. ఇంటి ఆదాయాన్ని వాళ్ళు అలా అమర్చుకున్నారు.

ఇంత చిన్న కమతాలు ఎందుకయ్యాయంటారా? జావా దీవి మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. 2020 జనగణన నాటికే అందులో పదిహేను కోట్లకు పైగా జనం. పైగా ఆస్తి పంచేటప్పుడు ఆడపిల్లలకూ భాగం ఇస్తారు, అది మంచిదే. కానీ తరం తరానికీ ముక్క చిన్నదవుతుంది. 2023 వ్యవసాయ గణన ప్రకారం ఇండోనేషియా మొత్తంలో రైతు కుటుంబాల్లో 60 శాతానికి పైగా అర హెక్టారు లోపు వాళ్ళే.

ఇదంతా చదివి, చిన్న కమతమైనా తెలివిగా చేసుకుంటే చాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఇంటావిడ తెల్లవారుజామున మూడున్నరకు లేచి పొయ్యి వెలిగించేది. ఆయన తాపీపని నుంచి వచ్చి ఆదివారం కూడా గడ్డి కోసేవాడు. ఇల్లు నిలబడుతున్నది వాళ్ళ ఒళ్ళు అరగడం వల్ల. ఒక్క మనిషికి జబ్బు చేస్తే మొదట కదిలేది కొట్టంలోని పశువు.

ప్ర: మన ఒంగోలు జాతి జావాలో ఉందని విన్నాను. బ్రెజిల్ సంగతి అందరికీ తెలుసు. జావా సంగతి నిజమేనా? వాళ్ళు ఎలా చూసుకుంటారు? (గిత్తలు మేపే రైతు, నాగులుప్పలపాడు)

జ: నిజమే. అంతేకాదు, జావా పల్లెల్లో మామూలుగా కనిపించే తెల్లావుల మూలం మనదే.

డచ్చివాళ్ళు 20వ శతాబ్దం మొదట్లో మన ఒంగోలు పశువులను ఓడల్లో సుంబా అనే దీవికి చేర్చారు. అక్కడ మంద పెరిగింది. తర్వాత ఆ ఆబోతులను జావాకు తెచ్చి, స్థానిక ఆవులకు దాటించారు. ఆ సంతతినే ఇప్పుడు ‘పెరానకాన్ ఒంగోలే’ అంటారు. సంతల్లో, ప్రభుత్వ కాగితాల్లో ‘పీ.ఓ.’ అని రాస్తారు. మన కరవది ఊరి గిత్త బ్రెజిల్ వెళ్ళింది 1960 దశకంలో. మన పశువు జావాలో అడుగుపెట్టింది దానికి చాలా ముందే.

నేను మొదటిసారి ఆ సంతకు వెళ్ళినప్పుడు మూపురం, గంగడోలు, నల్లటి కళ్ళ అంచులు చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మనిషి భాష రాదు గానీ పశువు భాష వచ్చు. చెవి వెనక గోకితే మెడ చాచడం చదలవాడ పశువుల ఫారంలో చూసినట్టే ఉంది. మన పశువంత ఎత్తు ఉండదు. స్థానిక రక్తం కలిసింది, మేత తక్కువ, అందుకని కాస్త పొట్టిగా, గట్టిగా ఉంటుంది.

పోషణ మాత్రం పూర్తిగా వేరు. ఆ పల్లెలో పశువును మేతకు వదలరు. వదలడానికి బీడు ఎక్కడుంది? ఇంటివెనక కొట్టంలోనే కట్టి ఉంచి, మేత కోసుకొచ్చి వేస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొడవలి, గోతాం పట్టుకుని వెళ్తారు. గట్లమీద నేపియర్ గడ్డి, వేరుశనగ కట్టె, మొక్కజొన్న ఆకు, గ్లైరిసీడియా, అవిశ, సుబాబుల్ కొమ్మలు. మన జిల్లాలో సుబాబుల్ అంటే కాగితం మిల్లుకు వెళ్ళే కలప. అక్కడ అది పశువు పళ్ళెంలోకి వెళ్తుంది. మొత్తం మేతలో మూడోవంతు మించకుండా వేస్తారు. మించితే వెంట్రుకలు రాలతాయని ఆ ఇంటి ముసలావిడే నాకు చెప్పింది. ఎండలు ముదిరాక కొండమీద ఆకు ఉండదు. అప్పుడు కింద మాగాణి ప్రాంతాల నుంచి లారీల్లో వరిగడ్డి కొనుక్కొస్తారు.

పాలు పితకరు. ఇది చెప్తే మన రైతులెవరూ నమ్మరు. ఆ పాలు దూడకే. ఆవు ఇచ్చేది ఏడాదికో, పద్నాలుగు నెలలకో ఒక దూడ, ఇంకా పేడ. వానలకు ముందు ఆ పేడ ఎరువును బుట్టల్లో నెత్తిన పెట్టుకుని కొండ మెట్లమీది పొలాలకు మోస్తారు. ఆ పలచటి మట్టిలో పంట నిలబడడానికి అదే కారణం. దున్నకం ఇప్పుడు చాలావరకు చిన్న టిల్లర్లతోనే. కోడెలు చివరికి మాంసానికే వెళ్తాయి, బక్రీదు ముందు ధర బాగా పలుకుతుంది. సంక్రాంతికి గిత్తకు పసుపు రాసి బండలాగుడు పోటీకి తీసుకెళ్ళే మన రైతుకు ఈ మాట మింగుడు పడదని తెలుసు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అమ్మిన రోజున ఆ ఇంటాయన పశువుతోపాటు సంతదాకా నడిచి వెళ్ళాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. పశువుమీద ప్రేమ మన ఒక్కరి సొత్తు కాదు.

పశువు కొనుక్కోలేనివాళ్ళకు అక్కడ ‘గదుహాన్’ పద్ధతి ఉంది. మన వైపు మేకలను పాలుకు ఇస్తారు చూడండి, అదే. ఒకరి ఆవును ఇంకొకరు మేపుతారు, పుట్టిన దూడల్లో సగం విలువ మేపినవాళ్ళది. సెంటు భూమి లేని విధవరాలు కూడా ఇలా రెండు ఈతలు పూర్తయ్యేసరికి సొంత పశువుదారు కావచ్చు. నేను చూసిన పద్ధతులన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఒక ప్రమాదం మాత్రం అక్కడా ముంచుకొస్తోంది. సిమెంటల్, లిమోసిన్ అనే యూరప్ జాతుల వీర్యంతో ఇన్‌సెమినేషన్ చేయిస్తే దూడ పెద్దదవుతుంది, సంతలో డబ్బు ఎక్కువొస్తుంది. కానీ ఈత కష్టమవుతుంది, మేత ఎక్కువ కావాలి, ఎండకు తట్టుకోలేదు. మేత ఉన్న రైతుకు అది లాభం. ఎండు గడ్డి మీద నడిచే కొట్టానికి మాత్రం తెల్లావే మేలు. ఇక్కడ నలభై ఏళ్ళు చూసి, అక్కడ కూడా చూసి చెప్తున్నాను.

ప్ర: నేను కౌలుకు ఆరెకరాలు చేస్తాను. అక్కడ కౌలు ఎలా ఉంటుంది? వడ్లకు రేటు ఎంత? కోత కూలీలు దొరుకుతారా? (కౌలు రైతు, కోవూరు)

జ: రేటుతో మొదలుపెడతాను, మీకు కావలసింది అదే. 2025లో అక్కడి ప్రభుత్వం పచ్చి వడ్లకు కిలోకు 6,500 రూపయాలు కట్టింది. మన డబ్బులో సుమారు 34 రూపాయలు. మన పుట్టి లెక్కన సుమారు 29 వేలు. మన దగ్గర 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు, అంటే పుట్టి 20 వేల పైచిలుకు. అది కూడా తేమ 17 శాతం లోపుంటేనే. ఎడగారు (రెండో పంట) వడ్లు తడిసి రోడ్డుమీద కుప్పలు పోసుకుని, తేమ మిషను పెట్టేవాడి మొహం చూస్తూ కూర్చునే మీకు ఈ తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అయితే బియ్యం కొనుక్కు తినే కూలివాడికి అక్కడ బియ్యం మన రేషను బియ్యంలా దొరకవు. ధర పెరిగితే భూమిలేని ఇల్లు నలుగుతుంది.

కౌలు విషయానికొస్తే, నగదు కౌలూ ఉంది, పంటలో సగం పాలూ ఉంది, భూమి కుదువ పెట్టి డబ్బు తీసుకోవడమూ ఉంది. 1960లోనే ఈ పంట పాలు ఒప్పందం కాగితం మీద రాసుకోవాలని చట్టం చేశారు. రాసుకునేవాళ్ళను నేను చూడలేదు. మన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం మీరెన్నిసార్లు తిరిగారో ఉత్తరంలో రాశారు. అక్కడి కౌలు రైతుకు నోటిమాట తప్ప ఇంకేం లేదు. పంట పోయిన ఏడాది ఆ నోటిమాట ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు?

ఇంకో విచిత్రం ఉంది. చాలా ఊళ్ళలో ఊరి పెద్దకూ, పంచాయతీ ఉద్యోగులకూ జీతం కింద పొలం ఇస్తారు. 1984లో రద్దు కాకముందు మన కరణం, మునసబులు వెలిగిన రోజులు గుర్తున్నవాళ్ళకు ఆ పెత్తనం ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఊళ్ళో మంచి మాగాణి చాలాసార్లు ఆ పొలమే.

ఇక కోతల సంగతి. ఇది కాస్త ఎక్కువ చెప్పాలి. వెనకటి రోజుల్లో జావాలో వరిని కొడవలితో కోసేవాళ్ళు కాదు. అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో ఆడవాళ్ళు ఒక్కొక్క వెన్నే కోసేవాళ్ళు. కోతకు ఎవరొచ్చినా కాదనేవాళ్ళు కాదు. కోసినదాంట్లో ఒక వంతు కోసినవాళ్ళది. భూమి లేని ఇంటికి ఏడాది తిండి అలా వచ్చేది. 1970ల్లో పొట్టి రకాలు వచ్చాయి, వాటితో కొడవలి వచ్చింది. పంటను చేలోనే కొనేసి తన ముఠాతో కోయించుకుపోయే వ్యాపారి వచ్చాడు. ఊళ్ళో రైసు మిల్లు పెట్టాక రోకటి పోటు కూలి కూడా పోయింది. దిగుబడి పెరిగింది, నిజం. 1984లో ఆ దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది, అదీ నిజం. కానీ ఆ ఏళ్ళలో పని కోల్పోయినవాళ్ళు ఎక్కువగా భూమిలేని ఆడవాళ్ళు. ఇప్పుడు మైదానాల్లో కోత మిషన్లు తిరుగుతున్నాయి. మీ కోవూరు పొలాల్లోనూ అంతే గదా. మిషను దిగాక ఆ ఊరి కూలి తల్లి ఏ పనికి పోతున్నదో అడగకుండా దిగుబడి ఒక్కటే చెప్పడం నాకు సరిగా తోచదు.

ఒక మంచి పాఠం కూడా ఉంది. పురుగుమందు ఎక్కువ కొట్టినకొద్దీ సుడిదోమ పెరిగిందని తెలిసి, 1986లో అక్కడి అధ్యక్షుడు ఒకే ఉత్తర్వుతో వరిమీద 57 రకాల పురుగుమందులను నిషేధించాడు. తర్వాత ఊరూరా రైతులే పొలంలో దిగి సాలీళ్ళనూ, మిత్రపురుగులనూ లెక్కపెట్టే పొలంబడులు పెట్టారు. మన దగ్గర పొలంబడి అని పిలిచేది అక్కడినుంచి పాకినదే.

ప్ర: ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? మా పొదుపు సంఘాల్లాంటివి ఉన్నాయా? (సంఘం లీడరు, కావలి)

జ: అమ్మా, డబ్బు ఆడవాళ్ళ చేతిలోనే. మొగుడు తాపీపని కూలి తెచ్చి భార్య చేతిలో పెట్టి, సిగరెట్లకు మళ్ళీ ఆమె దగ్గరే అడగడం నేను ప్రతి వారం చూశాను. సంత కూడా వాళ్ళదే. అక్కడి సంతకు వారంతో పనిలేదు. లెగి, పాహింగ్, పోన్, వాగే, క్లివోన్ అని అయిదు రోజుల చక్రం ఉంటుంది. ఒక్కో ఊరి సంత ఒక్కో రోజు. బేరం చేసేదీ, అప్పు ఇచ్చేదీ, అప్పు రాసుకునేదీ ఆడవాళ్ళే.

సంఘం పేరు ‘అరిసాన్’. పది ఇరవైమంది నెలకింత వేస్తారు, చీటీలు తీస్తారు, పేరొచ్చినవాళ్ళకు మొత్తం. మన చీటీలా పాట ఉండదు కాబట్టి, అవసరంలో ఉన్నవాళ్ళు తగ్గించి పాడుకుని నష్టపోవడం లేదు. కానీ అవసరం వచ్చినప్పుడే పేరు వస్తుందనీ లేదు. అప్పు సంగతికొస్తే మీ సంఘాలే బలమైనవి. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ జిల్లాలో, పొదుపు లక్ష్మి మొదలైన జిల్లాలో ఉన్నారు మీరు. సంఘం పూచీతో బ్యాంకు అప్పు తెచ్చుకునే శక్తి ఆ పల్లె ఆడవాళ్ళకు అంతగా లేదు. సంతలో రోజువారీ వసూలు చేసే వడ్డీవ్యాపారి దగ్గరే చాలామంది చిక్కుకుంటారు.

ఆ ఇళ్ళకు పెద్ద బరువు ఇంకోటి ఉంది. చదివింపులు. అచ్చం మన లాగే నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆడవాళ్ళు బియ్యం, చక్కెర పట్టుకెళ్తారు, మగవాళ్ళు కవరులో డబ్బు. పెళ్ళిళ్ళ నెలలో ఒకే వారం నాలుగు పిలుపులొస్తే ఇంటావిడ మేకను అమ్మి చదివింపులు చదివించడం కళ్ళారా చూశాను. పిలిస్తే వెళ్ళకుండా ఉండలేరు. రేపు తమ ఇంట్లో కార్యం జరిగేది ఆ డబ్బుతోనే.

ప్ర: పంచాయతీకి డబ్బు ఎలా వస్తుంది? (మాజీ వార్డు మెంబరు, చీమకుర్తి)

జ: 2014లో గ్రామచట్టం చేసి, 2015 నుంచి కేంద్ర బడ్జెట్ నుంచే సుమారు 75 వేల గ్రామాలకు నిధులు పంపుతున్నారు. వచ్చిందెంత, రోడ్డుకెంత, కాలవకెంత అని పంచాయతీ ఆఫీసు ముందు పెద్ద ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన తినేవాళ్ళు తినడం మానరు, కేసులూ ఉన్నాయి. అయినా టీ అంగడి దగ్గర కూర్చున్న ముసలాయన ఆ అంకెలు చదివి, మా వీధి కాలవ ఏదీ అని అడగగలుగుతున్నాడు. మన ఊళ్ళలో కూడా ఆ ఫ్లెక్సీ కట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ప్ర: జావా పల్లెల్లో అందరూ ఒకరికొకరు సాయం చేసుకుంటారని చదివాను. అంత ఐకమత్యం నిజంగా ఉందా, లేక పుస్తకాల మాటేనా? (రిటైర్డు టీచరు, ఆత్మకూరు)

జ: ఉంది మాస్టారూ. నేను అందులో కొంతకాలం బతికాను. ఎవరైనా ఇల్లు కప్పుకుంటే వీధంతా వస్తుంది, తిండి పెడితే చాలు. 2006 మే 27 భూకంపంలో యోగ్యకర్తా చుట్టుపక్కల అయిదు వేలమందికి పైగా చనిపోయారు. అప్పుడు కూలిన ఇళ్ళను వీధులవారీగా కలిసి లేపుకున్నారు. రాత్రి కాపలా వంతులవారీగా తిరుగుతారు. ప్రతి ఇంటి గోడకూ ఒక చిన్న డబ్బా వేలాడుతుంది. అందులో ఇంటివాళ్ళు పిడికెడు బియ్యమో, చిల్లర నాణెమో వేసి ఉంచుతారు. కాపలావాళ్ళు తిరుగుతూ పోగుచేస్తారు. వీధిలైట్లు, జబ్బుపడినవాళ్ళను చూడ్డానికి వెళ్ళే ఖర్చు అన్నీ అందులోంచే.

కానీ పశువైద్యుడిగా నా గుండె బరువెక్కిన సంగతి ఒకటి చెప్పాలి. గునుంగ్‌కిదుల్‌లో ఒకరి ఆవు జబ్బు చేసి పడిపోతే, దాన్ని కోసి ఊరంతా తలా ఒక పాలు మాంసం డబ్బిచ్చి కొంటారు. ఆ ఇంటికి పశువు పోయిన నష్టం కొంత పూడుతుంది. అందులో దురుద్దేశం లేదు, ఒకరి నష్టాన్ని పదిమంది పంచుకోవడమే. కానీ ఆ జబ్బు దొమ్మరోగం (ఆంత్రాక్స్) అయితే? 2023లో సెమాను ప్రాంతంలో అదే జరిగింది. దొమ్మరోగంతో చచ్చిన ఆవు మాంసం తిని ఊళ్ళో ఎంతోమందికి సోకింది, ప్రాణం కూడా పోయింది. పూడ్చినదాన్ని కూడా తవ్వి తీశారని విన్నప్పుడు ఆ రాత్రి నిద్రపట్టలేదు. దొమ్మ సూక్ష్మజీవి బీజాలు మట్టిలో దశాబ్దాలపాటు బతికే ఉంటాయి. అక్కడ కావలసింది ఆ మంచి అలవాటును తిట్టడం కాదు. పశువు పోయిన రైతుకు వెంటనే నష్టపరిహారం చేతికందితే, చచ్చిన పశువును ఎవరూ కోయరు.

ఇక్కడి రైతులకు కూడా చెప్తున్నాను. పశువు ఉన్నట్టుండి పడిపోయి, ముక్కులోంచి, మలద్వారంలోంచి నల్లటి నెత్తురు కారి, ఆ నెత్తురు గడ్డకట్టకపోతే దాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు, ముట్టుకోవద్దు. పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి. జబ్బు వచ్చిన ఊళ్ళో మిగతా పశువులన్నిటికీ టీకా వేయించాలి.

గాలికుంటు సంగతి కూడా ఒక ముక్క. ముప్పై ఏళ్ళకు పైగా ఆ జబ్బు లేని దేశంలోకి 2022లో అది తూర్పు జావాలో మళ్ళీ ప్రవేశించింది. సంతలు మూశారు. భయపడి సగం ధరకు అమ్ముకున్నవాళ్ళు ఆ ఏడాది మళ్ళీ కొనలేకపోయారు. పశువే బ్యాంకు అయినచోట సంత మూతపడితే బ్యాంకు మూతపడినట్టే. మన దగ్గర గాలికుంటు టీకా ఉచితంగా వేస్తున్నారు. టీకా వేస్తే పాలు తగ్గుతాయని వెనక్కి పంపేవాళ్ళు ఇకనైనా మానుకోవాలి.

ప్ర: వాళ్ళు ఏం తింటారు? (విద్యార్థిని, పొదిలి)

జ: అన్నం, కొబ్బరిపాలలో ఉడికించిన పచ్చిమిరప కూర, వేయించిన టెంపే, ఆకుకూరలు. మన పప్పు, పెరుగు ఉండవు. ముసలివాళ్ళు చిన్నప్పుడు ఏడాదిలో చాలా నెలలు ఎండు కర్రపెండలం దంచి, ఆవిరిమీద ఉడికించిన పిండే తిన్నారు. ఒకప్పుడు పేదరికానికి గుర్తు అది, ఇప్పుడు రోడ్డు పక్క హోటళ్ళలో ప్రత్యేక వంటకంగా అమ్ముతున్నారు. టేకు చెట్లమీద దొరికే మిడతలను వేయించి సీసాల్లో అమ్ముతారు. నేను తిన్నాను, రొయ్యపొట్టు రుచి ఉంటుంది.

ప్ర: నేను బెంగళూరులో పనిచేస్తున్నాను. కనిగిరి దగ్గర మా ఊళ్ళో నాన్నకు మూడెకరాల మెట్ట, రెండు ఒంగోలు ఆవులు ఉన్నాయి. పాలు తక్కువని అమ్మేసి గేదెలు కొనమని అందరూ అంటున్నారు. మీ వ్యాసం చదివాక తేల్చుకోలేకపోతున్నాను. (పాఠకుడు, బెంగళూరు)

జ: తమ్ముడూ, ఎవరో చెప్పారని అమ్మొద్దు, నేను రాశానని ఉంచుకోనూ వద్దు. మేతా నీళ్ళూ లెక్క చూసుకో.

గేదె పాలిస్తుంది, నిజమే. కానీ దానికి పచ్చిమేత కావాలి, మడుగో, బోరు నీళ్ళో కావాలి, పొద్దునా సాయంత్రం పితికి కేంద్రానికి చేర్చే మనిషి కావాలి. మీ నాన్నగారు ఒక్కరే ఉంటే ఆ పని ఎన్నేళ్ళు చేయగలరు? ఎండు చొప్పతో, కాసిని తవుడుతో నిలబడి ఏటా దూడనివ్వగల పశువు మన తెల్లావు. దానికి మంచి దూడ పుడితే గిత్తలు మేపేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. అందుకు స్వచ్ఛమైన ఒంగోలు ఆబోతు వీర్యమే వేయించాలి. జెర్సీ వేయిస్తే మిగతాదంతా వృథా.

జావాలో చూసినదాంట్లో మీ పొలానికి పనికొచ్చేది గట్టుమీద మేత. మూడెకరాల చుట్టూ గట్టుమీద అవిశ, గ్లైరిసీడియా, సుబాబుల్ నాటితే రెండేళ్ళలో ఎండాకాలం ఆకు దొరుకుతుంది. తొలకరికి ముందే గుంటలు తీయించండి, మొదటి ఎండాకాలం కుండతోనైనా నీళ్ళు పోయండి, మేకలు రాకుండా కంప కట్టండి. సుబాబుల్ ఒక్కటే వేయకండి. మూడోవంతు లెక్క పైన చెప్పాను.

బోరు ఎంత పోస్తుంది, గడ్డివామి వేసవి చివరిదాకా ఆగుతుందా, పశువులకు ఎన్నో ఈత, ఊళ్ళో చొప్ప బండి ఎంతకు దొరుకుతుంది? ఈ నాలుగూ నాన్నగారిని అడిగి పత్రిక చిరునామాకు రాయి. ఎన్ని పశువులు నిలుస్తాయో లెక్కకట్టి వచ్చే సంచికలో చెప్తాను.